పడవ నడిపే వరదమ్మ

జగన్నాథదాసుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే బదులు చెప్పేవారు కాదు. వక్కపలుకు నోట్లో వేసుకుని, ఆ ప్రశ్న తనను అడిగింది కాదన్నట్టు ఏదో పని పురమాయించేవారు. బందరులో ఆయన దగ్గర హరికథ నేర్చుకున్న వాళ్ళందరికీ ఇది అనుభవమే. అడిగిన సంగతి అడిగినవాళ్ళే మరచిపోయాక, ఎప్పుడో ఎక్కడో జవాబు ఎదురయ్యేది.

ఆ ఏడు ఒక పాత జానపద నవల సినిమాగా వచ్చింది. ఏడు దీవుల రాజ్యాన్ని ఒక మాంత్రికుడు చెరబట్టడం, యువరాజు దేశాలు పట్టి తిరిగి దాన్ని విడిపించుకోవడం అందులో కథ. ఒకప్పుడు వారపత్రికలో ఏళ్ళ తరబడి సీరియల్‌గా సాగి, తరవాత నాలుగు లావుపాటి సంపుటాలైంది. ఊళ్ళో ఎక్కడ విన్నా ఆ సినిమా మాటే. దాన్ని హరికథగా కట్టి ఆయన శిష్యురాలు శర్వాణి చేత చెప్పించమని ఒక సభవారు వచ్చి అడిగారు. శర్వాణికి అది ఒంటరిగా చెప్పబోయే మొదటి కథ. దాసుగారు సరేనని, అటక మీంచి సంపుటాలన్నీ దింపించి ఆమె ముందు పెట్టారు.

వాటి లావు చూసేసరికి శర్వాణికి నీరసం వచ్చింది. సినిమా అప్పటికే రెండుసార్లు చూసింది. పాటలు నోటికి వచ్చు, యుద్ధం కళ్ళకు కట్టినట్టే ఉంది. "ఎవరు గెలిచారో, ఎవరు పోయారో అంతా చూసేశాను కదా గురువుగారూ. ఇంకా ఇంత పుస్తకం చదవడం దేనికండీ?" అని అడిగింది.

దాసుగారు వక్క నములుతూ, పెడనలో చెల్లాయమ్మ అని ఒక నేతవారి ఇంటి పెద్దావిడ ఉందనీ, ఆవిడకు చదువు రాదనీ, రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఈ నవల చదివి వినిపించి రమ్మనీ చెప్పారు.

చెల్లాయమ్మ రాట్నం ముందు కూర్చుని పొరుగువారి మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. శర్వాణిని కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, తన సంగతి తనే చెప్పుకొచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటికి వారపత్రిక వచ్చేదట. అది వచ్చిన రోజు భర్త నాగభూషణం మగ్గం దిగి ఈ సీరియల్ పైకి చదివేవాడట. ఆవిడ కండెలు చుడుతూ వినేది. చదవడం అయ్యాక, వచ్చేవారం ఏం జరుగుతుందోనని ఇద్దరూ అన్నాలు తింటూ కూడా వాదించుకునేవారు. కథ సగంలో ఉండగా ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. ఆ మంచం మీంచి ఇక లేవలేదు.

"మరుసటి వారం పత్రిక వచ్చిందమ్మా. చదివే మనిషి లేడు" అంది చెల్లాయమ్మ.

తరవాత ఎవరు చదివిపెడతామన్నా ఆవిడ ఒప్పుకోలేదు. మొన్న సినిమా వచ్చినప్పుడు కోడళ్ళు పిలిచినా వెళ్ళలేదు. కానీ వీధిలో ఆ పేర్లు మళ్ళీ వినబడుతుంటే మనసు నిలవక, కథ చెప్పడానికి పెడన వచ్చిన దాసుగారిని, చదివి వినిపించే మనిషిని పంపమని తనే అడిగిందట.

చదువు మొదలైంది. చెల్లాయమ్మ చాలా మటుకు మరచిపోయింది. దీవుల పేర్లు కలిపేసేది, మంత్రిని సేనాపతి అనేది. శర్వాణి త్వరగా ముగించాలని అడవి వర్ణనలు దాటేస్తూ గబగబా చదివేది. చెల్లాయమ్మ చేయి కూడా ఆ చదువుతో పాటే పరుగెత్తేది. "నెమ్మది తల్లీ, నూలు తెగుతోంది" అనేది. అలా శర్వాణి గొంతు రాట్నం నడకకు వచ్చింది. దాటేయడం మానేసింది. సినిమాలో ఒక్క పాటలో అయిపోయిన అడవి వాళ్ళిద్దరికీ చాలా మధ్యాహ్నాలు పట్టింది.

రెండో సంపుటంలో వరదమ్మ వచ్చింది. ఆమె పడవ నడుపుకుని బతికే మనిషి. శత్రువుల కంటపడకుండా యువరాజును ఏరు దాటించి, వెంటపడిన సైనికుల్ని తన వెనక తిప్పుకుంటూ పడవను సుడిగుండం వైపు మళ్ళించింది. అధ్యాయం అక్కడ ముగిసింది. రాట్నం ఆగిపోయింది.

"ఇక్కడేనమ్మా" అంది చెల్లాయమ్మ.

ఊరటగా ఉంటుందని శర్వాణి, చివరికి మాంత్రికుడు చస్తాడనీ, యువరాజుకు పట్టాభిషేకం జరుగుతుందనీ చెప్పింది.

"వాళ్ళ సంగతి సరేలే. వరదమ్మ ఏమైంది?"

శర్వాణి ఆలోచించింది. సినిమాలో యువరాజు ఏరు ఈదుకుని దాటాడు. వరదమ్మే లేదు. "నాకు తెలియదు మామ్మగారూ" అని ఒప్పుకుంది.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని ముందు పేజీలు తిప్పబోయి, ఎందుకో పుస్తకం మూసేసింది. ఆవిడ కంటే ముందు తెలుసుకోవడానికి మనసొప్పలేదు. మర్నాడు ఎప్పుడు మధ్యాహ్నం అవుతుందా అని ఎదురుచూసింది. తీరా చదివితే కథ యువరాజు వెంట వెళ్ళిపోయింది. మూడో సంపుటం నడిచింది, వరదమ్మ జాడ లేదు. ఇద్దరూ పైకి అనకపోయినా, ఏరు అన్న మాట వస్తే చాలు, శర్వాణి గొంతు తగ్గేది, చెల్లాయమ్మ తల ఎత్తేది.

యుద్ధం ముగిసింది. పట్టాభిషేకమూ అయింది. సినిమా అయిపోయి హాల్లో దీపాలు వెలిగిన చోటు దాటి కూడా ఇంకా కొన్ని పేజీలు మిగిలాయి. వాటిలో ఒక బాటసారి సాయంత్రం వేళ ఏటి ఒడ్డుకు వస్తాడు. అక్కడ జుట్టు నెరిసిన ఆడమనిషి ఒకతె, ఒక కాలు ఈడ్చుకుంటూ, పాత పడవకు తారు పూస్తూ ఉంటుంది. రాజ్యం ఎవరిదైందో ఆమె అడగదు. దాటాలంటే చీకటి పడకముందే ఎక్కమంటుంది. పేరేమిటని బాటసారి అడిగితే, వరదమ్మ అంటుంది.

"ఆయన బతుకుతుందన్నారు. నేను బతకదన్నాను. మంచంలో ఉండి కూడా అదే మాట మీద ఉన్నారు" అంది చెల్లాయమ్మ. కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ ముక్క మళ్ళీ ఓసారి చదువు తల్లీ. ఈసారి కాస్త గట్టిగా."

శర్వాణి వీధి వరకూ వినబడేలా చదివింది.

బందరు వచ్చాక జరిగిందంతా గురువుగారికి చెప్పింది. తను మొదట అడిగిన ప్రశ్న ఆమెకు గుర్తే లేదు. ఇప్పుడు మరో సందేహం పట్టుకుంది. హరికథ అంటే పట్టాభిషేకంతో మంగళం పాడటం వాడుక. జనం సినిమాలో చూసిందీ అదే. ఆ పైన ఒక పడవ మనిషి కోసం సభను ఇంకాసేపు కూర్చోబెట్టడం బాగుంటుందా అని అడిగింది.

దాసుగారు ఆ పూట వక్క వేసుకోలేదు. "వచ్చి కూర్చున్న వాళ్ళలో ఎవరు ఎవరికోసం వచ్చారో మనకేం తెలుసమ్మా" అన్నారు.