పందికొక్కుకు పేరు పెట్టినవాళ్ళు

మన మాట మనకే నేర్పబోయేవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు. తెల్లదొర ధాన్యపు కొట్టులో పందికొక్కులు పడ్డాయి. కుండతో పొగపెట్టి వాటిని పట్టే యానాది చెంగయ్య, పందికొక్కులు పడతానంటూ పని కోసం వచ్చాడు.

గుమాస్తా శేషయ్య దొర కచేరీ గుమ్మంలోనే అడ్డుపడ్డాడు. "పందికొక్కు ఏమిట్రా మోటుగా? బ్యాండికూట్ అనాలి. ఇంగ్లీషు రానివాడికి ఇక్కడ పనిలేదు, పో."

చెంగయ్య కదల్లేదు. లోపలున్న దొరనే అడిగాడు. "దొరా, మీ సీమలో ఈ జంతువు ఉందా?"

"లేదు. ఇక్కడికొచ్చాకే చూశాం."

"చూసినప్పుడు దీని పేరేమిటని ఎవరినడిగారు?"

దొర నవ్వాడు. "మీవాళ్ళనే."

"విన్నారా గుమాస్తాగారూ? మా తాతలు చెప్పిన పందికొక్కే దొరల నోట బ్యాండికూట్ అయింది. పేరు చెప్పినవాళ్ళకే పరీక్ష పెడతారా?"

కొట్టు తలుపు తీయమన్నాడు దొర. తీసింది శేషయ్యే. చెంగయ్య పొగకుండతో దర్జాగా లోపలికి నడిచాడు.