తలంటుతో ఆరిన గోడ

ఏ రాజు కాలమో నాకూ తెలియదు గానీ, ఒక ఊళ్లో భూపయ్యగారనే కామందు పడకగదికి కొత్తగా సున్నపు పూత పూయించాడు. పూసింది గవరమ్మ. పని ముగించుకుని, పొరుగూళ్లో నెలలు నిండిన కూతురి దగ్గరికి పోదామని ఆమె ఆత్రం.

తెల్లారేసరికి గోడల నిండా చెమ్మ మరకలు!

"ఇదేం పనే గవరమ్మా? మళ్లీ పుయ్యి," అన్నాడు కామందు.

"ఆరనివ్వండి అయ్యగారూ, అవే పోతాయి."

వింటేనా! ఆమె పూయడం, పొద్దున్నే ఆయన వేలు పెట్టి చూడడం, తడిగా ఉందని మళ్లీ పూయించడం. మరక పోయేదాకా ఊరు దాటకూడదట! ఇంతలో కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది.

ఆ పూట కామందుకి తలంటు. అమ్మగారు నీళ్లు పోసి, జుట్టుకి సాంబ్రాణి పొగ వేయబోతుంటే గవరమ్మ వచ్చి తొంగిచూసింది.

"అమ్మగారూ, తల ఇంకా తడిగానే ఉంది. ఇంకో చెంబు పొయ్యండి."

పడకగది ఆరక ఇన్నాళ్లూ వసారాలో దోమల మధ్య పడుకుని విసిగిపోయిన ఆవిడ, మారుమాట లేకుండా పోసేసింది.

"ఇంకా తడేనమ్మా," అంది గవరమ్మ. ఇంకో చెంబు. ఆ పైన ఇంకోటి.

"మతి పోయిందా మీకు!" ఉక్కిరిబిక్కిరవుతూ అరిచాడు కామందు. "పోస్తూనే ఉంటే ఎప్పటికి ఆరుతుంది?"

"రోజూ నేను మొత్తుకునేది అదే కదా అయ్యగారూ!"

కామందు నీళ్లోడుతూనే వెళ్లి పడకగది కిటికీలు బార్లా తీసి, "ఇంకా నిలబడ్డావేమే, పురిటికి అందుకో," అంటూ వెనక్కి తిరిగాడు.

గవరమ్మ అప్పటికే పొలిమేర దాటేసింది.