తడిబండల పాఠం

"తడికాలు తుడవవే చెల్లీ, తేజీ గుర్రానికీ…" ఆపై మాట ఎంతకీ గుర్తుకు రాలేదు ఓబులమ్మకి. చిన్నప్పుడు వాళ్లమ్మ నేర్పిన ఆ పాటే పాడుకుంటూ, ఉప్పుమూటలు మోసే తన ఆడగుర్రం గిట్టలు పొడిగుడ్డతో తుడుస్తోంది. అంతలో భటులొచ్చి ఆమెనూ గుర్రాన్నీ రాజుగారి ముందుకి తోలుకుపోయారు.

గుర్రమున్న ప్రతివాళ్లూ విరూపాక్షశాస్త్రి నడిపే అశ్వపాఠశాలలో చదవాలని ఆజ్ఞ. రోజుకు మూడుసార్లు కొట్టం కడిగి, గుర్రాన్ని తడిబండల మీదే నిలబెట్టాలని ఆయన పాఠం. పాపం, గిట్టలు మెత్తబడి ఊళ్లో గుర్రాలన్నీ కుంటుతున్నాయి.

"పాఠానికి రానిదానికి గుర్రమెందుకు? లాక్కోండి ప్రభూ!" అన్నాడు శాస్త్రి.

ఓబులమ్మకి ఒళ్లు మండిపోయింది. "పొడిగడ్డి పరిచి బిడ్డలా సాకాను. అది పోతే నా పొయ్యి వెలగదు. అయినా అయ్యా, మీ దగ్గర చదివినవాళ్ల గుర్రాలెందుకు కుంటుతున్నాయి?"

"నా పాఠం సరిగ్గా వినక! విన్నవాళ్ల గుర్రం ఎప్పుడూ కుంటదు."

"విన్నారా ప్రభూ! నా గుర్రాన్ని నడిపించి చూడండి. ఈయన లెక్కన ఊరంతటికీ పాఠం విన్నది నేనొక్కదాన్నే. పనిలోపని, ఈయన గుర్రాన్నీ నడిపించండి."

ఓబులమ్మ గుర్రం టకటకా నడిచింది. శాస్త్రి గుర్రం నాలుగడుగులు కుంటి ఆగిపోయింది.

"అయ్యో, ఈయన పాఠం ఈయనే వినలేదు!" అంది ఓబులమ్మ.

రాజు ఓబులమ్మ గుర్రం కళ్లెం ఆమె చేతిలో పెట్టి అన్నాడు: "తీసుకుపో తల్లీ. రేపట్నుంచి పాఠం నువ్వే చెప్పు. ఈయన్ని మాత్రం ముందువరసలో కూర్చోబెట్టు."