ఫాదమ్‌కి రెండో అర్థం

గోదారి ఇప్పటికన్నా వెడల్పుగా, మా వంశం ఇప్పటికన్నా గొప్పగా ఉన్న రోజులవి. మొదటిది పెద్దలు చెప్పారు. రెండోది మేమే చెప్పుకుంటాం.

ఆ రోజుల్లో ఓ దొర పడవ మీద నూకయ్య లోతు చూసేవాడు. తాడుకి సీసపు గుండు కట్టి నీళ్లలో వేసేవాడు. పైకి లాగి, తడిసిన మేర చేతులు చాపి కొలిచేవాడు. "మూడు బారలండీ" అని కేకేసేవాడు. పక్కనే దుబాసీ, మా ముత్తాత చిదంబరం. "త్రీ ఫాదమ్స్" అని దొరకి చెప్పేవాడు. బారంటే ఫాదమ్. ఆయనకి గట్టిగా వచ్చిన ఇంగ్లీషు ముక్క అదొక్కటే. నాకు అదీ ఈ కథ వల్లే వచ్చింది.

ఓ వంపు దగ్గర నూకయ్య పడవ ఆపించి గుండు వేశాడు. మూడు బారలు. మళ్లీ వేశాడు. ఒకటి. మళ్లీ వేశాడు. రెండు. పడవ కదల్లేదు, లోతు కదిలింది.

"అడుగున ఇసక నడుస్తుందండి. ఇటు వద్దని చెప్పండి బాబూ."

ముత్తాత తనకొచ్చినట్టు చెప్పాడు. ఇసక నడవడమేమిటో దొరకి బోధపడలేదు. తల అడ్డంగా ఊపి, "ఐ కాంట్ ఫాదమ్ ఇట్" అన్నాడు.

ముత్తాతకి ఫాదమ్ ఒక్కటే వినబడింది. "బారలకి అందనంత లోతుందంటున్నారు. పోనియ్."

"దొరగారు గుండు వెయ్యలేదు కదండీ. ఇంకోసారి అడగండి."

"చెప్పారు కదరా."

"ఇంకోసారి అడగండి బాబూ."

"నీకేమైనా ఇంగ్లీషొచ్చా?"

"రాదండి. అందుకే, ఇంకోసారి అడగండి."

అడిగితే తనకీ రాదని తేలిపోతుంది. ముత్తాత అడగలేదు. ముందుకి పోనిమ్మని చెయ్యి ఊపాడు.

పడవ ఇసకలో దిగబడి ఒరిగిపోయింది. నూకయ్య నీళ్లలో నిలబడి ఒక్కొక్కరినీ తిన్నె మీదికి తోశాడు. ముందు వంటవాణ్ణి, తర్వాత దొరని, ఆఖర్న మా ముత్తాతని. అప్పుడు నూకయ్య కాళ్ల కింద ఇసక నడిచింది. మనిషి మళ్లీ పైకి తేలలేదు.

ఒడ్డుకి చేరాక దొర వచ్చీరాని తెలుగులో అడిగాడు. "నాకు తెలీలేదు, చెప్పాను. నువ్వు మళ్లీ చెప్పలేదు. ఎందుకు?"

ఫాదమ్ అంటే విషయం అడుగుదాకా తెలియడం కూడానని ముత్తాతకి అప్పుడు తెలిసింది.

ముత్తాత కబురు చెప్పడానికి వెళ్తే, నూకయ్య భార్య సూరమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది. "ఆఖర్న ఏమన్నాడండీ?"

"ఇంకోసారి అడగమన్నాడమ్మా."

"మరి అడిగారా?"

"లేదమ్మా. నాకు రాదని తెలిసిపోతుందని అడగలేదు."

ఈనాటికీ ఆ వంపు దగ్గర పడవ ఆపుతారు. లోతెంతని మూడుసార్లు అడుగుతారు, మూడుసార్లూ విసుక్కోకుండా చెబుతారు. ఎక్కినవాళ్లంతా నీళ్లలో చెయ్యి ముంచి, తమకి తెలియనిదొకటి పైకి చెప్పాలి.

మా ఇంటివాళ్లు ఎక్కితే పడవ చాలాసేపు ఆగుతుంది.