చివరింటి చేట

అనగనగా ఒక గెడ్డ. గెడ్డంటే కొండ మీంచి దిగి వచ్చే వాగు. ఎండాకాలం మేకపిల్ల దాటుతుంది, వానాకాలం ఏనుగు కూడా దాటలేదు. గెడ్డకి ఇవతల ఊరు, అవతల పేట. ఊళ్ళో పెంకుటిళ్ళు, పేటలో తాటాకు గుడిసెలు. ఊరివాళ్ళకి బళ్ళు, పేటవాళ్ళకి కాళ్ళు. ఇది ఎప్పటి మాట అంటే నేను చెప్పలేను. మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట. ఆవిడకీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. పొట్టి మనిషి, గట్టి మనిషి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఊళ్ళో తాటాకు గుడిసె ఆమెదొక్కటే. ఆమెకున్న సుఖమల్లా అడ్డచుట్ట ఒక్కటే. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చేది. పురుడు పిలుపు రాగానే చుట్ట తీసి నేలకి రాసేది. మోచేతుల దాకా బూడిదతో తోముకుని వేన్నీళ్ళతో కడుక్కునేది. అప్పుడు గడప ఎక్కేది. చుట్ట ఆర్పడం, చేతులు కడగడం, గడప ఎక్కడం. నొప్పులు పడేది రాణి అయినా సరే, ఈ వరస తప్పేది కాదు.

ఆ ఊరికి ఒక కట్టు ఉండేది. పురుడు రావలసిన ఇంటివాళ్ళు కొత్త చేటలో బియ్యం పోసి మంత్రసాని చేతికి ఇవ్వాలి. చేట పట్టించడం అనేవాళ్ళు దాన్ని. చేట పట్టాక, ఆ చేటలో బిడ్డని పడుకోబెట్టేదాకా మంత్రసాని ఆ గడప దాటకూడదు. ఎప్పుడో ఒక మంత్రసాని సగం పురుట్లో లేచిపోయిందట, అందుకని పెద్దలు ఇలా కట్టారట. మంచికే కట్టారు. మంచికి కట్టింది ఎప్పుడు చెడ్డకి తిరుగుతుందో పెద్దలకి మాత్రం ఏం తెలుసు?

ఆ ఊరి భూములన్నీ బుగతవి. బుగత కోడలికి తొలిచూలు. అత్తగారు బుగతమ్మ చెడ్డదేం కాదు, భయస్థురాలు. తన తొలి బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ భయం కడుపులో పెట్టుకుని, కోడలికి నొప్పుల ఊసైనా లేకుండానే దాలమ్మకి చేట పట్టించేసింది.

దాలమ్మ బుగత ఇంట్లో గడప పక్కన కూర్చుంది. కోడలు ఉయ్యాల బల్ల మీద కూర్చుని జామకాయలు తింది. పొద్దున్న జామకాయలు, మధ్యాహ్నం జామకాయలు, సాయంత్రం జామకాయలు. నొప్పులు మాత్రం రాలేదు.

మర్నాడు పొద్దెక్కాక పేట నుంచి గురువులు పరిగెత్తుకొచ్చాడు. కట్టెలు కొట్టి అమ్ముకునేవాడు, పేటలో చివరింటివాడు. నడుం దాకా తడిసిన పంచె. చేతిలో కొత్త చేట, అందులో గుప్పెడు బియ్యం.

“అత్తా, మా నీలాలుకి నిన్న మాపటేల నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగినాదంతన్నారు. బేగి రా అత్తా!”

దాలమ్మ చుట్ట తీసి నేలకి రాసింది. లేచి బుగతమ్మ దగ్గరికి వెళ్ళింది.

“అమ్మా, కోడలమ్మకి ఇప్పట్లో రావు. నాను సూసినాను గదా. ఎల్లి వొచ్చెస్తాను.”

“చేట పట్టావు కదే దాలమ్మా!” అంది బుగతమ్మ. “నువ్వటు వెళ్ళగానే దీనికి మొదలైతే? నా ఇంట్లో మళ్ళీ బిడ్డ పోతే?”

“పొద్దు వాలేసరికి నీ ముందుంతాను తల్లీ.”

“కట్టు కట్టే.”

ఆ గడప ఎత్తు జానెడు. దాలమ్మ దాటలేదు. తరతరాల కట్టు కదా, కాలు రాలేదు. గురువులు ఆమె మొహం చూశాడు, బుగతమ్మ మొహం చూశాడు. చేట పంచలో దింపేసి వెనక్కి పరిగెత్తాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే నీలాలు పోయింది. కడుపులో బిడ్డతోనే పోయింది. సాయంత్రం కట్టెలమోపులు తెచ్చిన ఆడవాళ్ళు చెప్పారు. కోడలు జామకాయ కింద పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. దాలమ్మకి ఏడుపు కూడా రాలేదు. నీలాలు పుట్టినప్పుడు తొలిస్నానం పోసింది తనే.

బుగత కోడలికి నొప్పులు రావడానికి ఇంకా బోలెడు రోజులు పట్టింది. వచ్చాక సుఖంగా ప్రసవించింది. చేటలో పడుకోబెట్టగానే బిడ్డ కేరుమంది. దాలమ్మ ఆ ఇంటి చీరె ముట్టుకోలేదు, సారె ముట్టుకోలేదు. పంచలో పడున్న గురువులు చేట తీసుకుని ఇంటికి పోయి గోడకి తగిలించింది.

తర్వాత ఊరి పెద్దల ముందు నిలబడింది.

“ఇక మీదట నొప్పులు రాకుండా సేట పట్టను. ఎవులు ముందొస్తే ఆలింటికే ముందెల్తాను. బుగతయినా ఒకటే, పాలేరయినా ఒకటే.”

పెద్దలు తలలూపారు. న్యాయమే అన్నారు. దాలమ్మ కూడా న్యాయమే అనుకుంది.

ఒకనాడు పేటలో ఒకామెకి తొలికోడి కూతకి నొప్పులు మొదలయ్యాయి. ఊళ్ళో కంసాలి ఇంట్లో పొద్దు పొడిచాక మొదలయ్యాయి. కంసాలి తన అరుగు మీంచే కేకేశాడు, దాలమ్మ వెళ్ళింది. పేట మనిషి గెడ్డలో నీరు తీసేదాకా గట్టు మీద గొంతుక్కూర్చుని, దాటి, పరిగెత్తుకొచ్చేసరికి కంసాలి భార్య పురుటి మంచం మీద ఉంది. పేటలో తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. వరస అందరికీ ఒకటే పెట్టాను గానీ దూరం అందరికీ ఒకటి కాదు కదా అనుకుంది దాలమ్మ.

మళ్ళీ పెద్దల ముందు నిలబడింది.

“ముందొచ్చినోలికి కాదు. ఎవులికి కష్టం ఎక్కువో ఆలింటికే ముందెల్తాను.”

పెద్దలు మళ్ళీ తలలూపారు. తలలూపడానికి ఏం పోయింది?

ఒకనాడు షావుకారి మనిషి గుండెలు బాదుకుంటూ వచ్చాడు. “దాలమ్మా, మా అమ్మాయి ప్రాణం పోతోంది!” అప్పుడే పేట నుంచి ఒక ముసలామె వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, “కోడలు నొప్పంతన్నాదమ్మా. తీరికైతే ఓపాలి రా” అంది. దాలమ్మ షావుకారింటికి పరిగెత్తింది. తీరా చూస్తే షావుకారి కూతురికి వచ్చింది పురిటినొప్పి కాదు, పనసతొనల నొప్పి. బిందెడు తొనలు ఒక్కతే తినేసిందట. అక్కణ్ణించి పేటకి వెళ్ళేసరికి, తీరికుంటే రమ్మన్న కోడలు నెత్తుటి మడుగులో ఉంది. బతకడం బతికింది గానీ మళ్ళీ మోపు ఎత్తలేకపోయింది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిజమే. కానీ అడగడం కూడా అందరికీ ఒకలా చేతకాదు. పుట్టింది మొదలు గుమ్మం బయట నిలబడిన మనిషికి గొంతు అంతకన్నా లేవదు.

దాలమ్మ మూడోసారి పెద్దల ముందు నిలబడింది.

“నాను గెడ్డ అవతలికి ఎల్లిపోతన్నాను. పేట సివర గుడిసేసుకుంతాను.”

ఈసారి ఒక్క తలా ఊగలేదు.

“మా సంగతేమిటి?” అన్నాడు బుగత. “ఊరి మంత్రసాని ఊళ్ళో ఉండకపోతే మా ఆడవాళ్ళేం కావాలి?”

“మీకు బండున్నాది బాబూ. ఎడ్లున్నాయి. పంపడానికి మనిషున్నాడు. కబురెట్టండి, వొస్తాను. ఆలకి కాళ్ళే ఉన్నాయి. నొప్పుల మనిసికి అయీ ఉండవు.”

“అంటే వాళ్ళకి ఎక్కువా, మాకు తక్కువానా?”

“నాను మీకూ ఆలకీ సగం దూరంలో ఏనాడూ లేను బాబూ. ఇన్నాళ్ళూ మీ ఇంటి పక్కనే ఉన్నాను. అప్పుడు ఎక్కువని ఎవులూ అన్లేదు.”

బుగతకి కోపం వచ్చింది. కోపం రావడం తప్ప ఇంకేం రాలేదు.

పేటవాళ్ళు వచ్చి దాలమ్మ గుడిసె కప్పు కప్పుగానే ఎత్తారు. నాలుగు మూలలా మనుషులు కావాలి. ఒక మూలకి గురువులు వచ్చి నిలబడ్డాడు. నీలాలు పోయాక అతను దాలమ్మతో మాట్లాడడం అదే మొదలు.

“గురువులూ, నాను ఆ రోజు గడప దాటవలిసింది” అంది దాలమ్మ.

“దాటవలిసింది అత్తా” అన్నాడు గురువులు. పోనీలే అనలేదు, పరవాలేదనలేదు. వంగి కప్పు భుజానికెత్తుకున్నాడు.

అప్పట్నించి పేటలో పిలుపంటే పక్కింటి కేకే. ఊరివాళ్ళు గొణుక్కుంటూనే బండి కట్టేవాళ్ళు, ఎక్కించుకు తీసుకెళ్ళేవాళ్ళు. గొణుగుడికి ఎవరూ చావలేదు. పేటలోనూ ఎవరూ చావలేదు.

కొన్నాళ్ళకి ఒక పెద్ద వాన పట్టింది. గెడ్డ ఎర్రగా పొంగింది. ఆ రోజు పేటలో గురువులు చెల్లెలు అప్పయ్యమ్మకి నొప్పులు. అదే రోజు బుగత కోడలికి మలికాన్పు నొప్పులు. బుగత బండి గట్టుదాకా వచ్చింది. ఎడ్లు నీళ్ళని చూసి వెనక్కి మళ్ళాయి. బండివాడు ఊరి వైపు గట్టు మీంచి గొంతు చించుకున్నాడు. “దాలమ్మా! బిడ్డ కాళ్ళు ముందొస్తున్నాయి!”

దాలమ్మకి వినిపించింది. కాళ్ళు ముందొస్తున్నాయంటే ఏమిటో ఆమెకి తెలుసు. అప్పయ్యమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. దాలమ్మ ఆ చెయ్యి విడిపించుకోలేదు.

“కోడలమ్మని పక్కకి తిప్పి పడుకోబెట్టమను. ముక్కొద్దను. ఎవులూ బిడ్డని లాగొద్దను. వొస్తాను” అని ఒకడితో అవతలికి కేక వేయించింది.

అప్పయ్యమ్మకి ఆడపిల్ల పుట్టింది. దాలమ్మ గోడకి తగిలించిన పాత చేట తెప్పించింది. గురువులు చేట. ఆ పిల్లని అందులో పడుకోబెట్టింది. మాయ పడింది, నెత్తురు ఆగింది. పిల్లని తల్లి పక్కలో వేసి, ఆ చేట నెత్తిన బోర్లించుకుని గట్టుకి వచ్చింది.

పేట మగవాళ్ళు అక్కడే ఉన్నారు. ఎవరూ కదల్లేదు.

“ఆ బుగతమ్మ ఆ రోజు పంపినాదా నిన్ను?” అన్నాడొకడు. “మరి మనమెందుకు పంపాల?”

అందరూ గురువులు వైపు చూశారు. గురువులు మోపులు కట్టే తాడు విప్పి ఒక కొస గట్టు మీది చెట్టుకి కట్టాడు. రెండో కొస తన నడుముకి కట్టుకున్నాడు.

“ఆ పంచలో సేట దింపీసి పరిగెత్తినోడ్ని నాను” అన్నాడు. “ఆ పరుగు ఇంకెవులూ పరిగెత్తకూడదు.”

ముందు గురువులు దిగాడు. వెనక మిగతావాళ్ళూ దిగారు. గెడ్డలో రాయెక్కడుందో, గుంటెక్కడుందో రోజూ దాటే కాళ్ళకి తెలుసు. దాలమ్మని భుజాల మీద మోసుకుపోయారు.

బుగత ఇంటి ముందు దాలమ్మ మోచేతుల దాకా కడుక్కుంది, గడప ఎక్కింది. ఆ రోజు నోట్లో చుట్ట లేదు. చాలాసేపటికి లోపలినుంచి సన్నగా ఒక ఏడుపు వినిపించింది.

దాలమ్మ బిడ్డని తడి చేటలో కొత్త గుడ్డ పరిచి పడుకోబెట్టింది. బుగతమ్మ ఆ చేట వంక చూసింది.

“ఇదెక్కడిది?”

“గురువులుదమ్మా. ఆ రోజు మీ పంచలో దింపీసినాడు గదా.”

బుగతమ్మ బయటికి వచ్చింది. అదే పంచలో గురువులు తడి పంచెతో వణుకుతూ నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్ళి పొడిగుడ్డ తెచ్చి ఇచ్చింది.

“లోపలికి రా నాయనా. కుంపటి దగ్గర కూర్చో” అంది. గురువులు గడప దాటి లోపలికి వెళ్ళి కూర్చున్నాడు.

దాలమ్మ ముసలిదై, ఒక ఎండాకాలం జ్వరమొచ్చి పోయింది. అందరూ పోతారు. పేట చివరే మట్టి చేశారు. ఊరంతా తరలివచ్చింది. పెద్దింటి ఆడవాళ్ళు చాలామంది గెడ్డని కాళ్ళతో దాటడం అదే మొదలు. చీరెలు తడిశాయి, పాదాలు కోసుకున్నాయి. ఎండాకాలపు గెడ్డే అది. బుగతమ్మ సగం దారిలో ఆయాసంతో ఆగిపోయి వెనక్కి చూసింది, ముందుకి చూసింది.

“ఇంత దూరమా?” అంది. “నొప్పుల మనిషి కోసం ఆ రోజు గురువులు ఇంత దూరం వచ్చాడా?”

కూలబడి అక్కడే ఏడ్చింది. లేచాక ఒక బండరాయి దొర్లించి నీళ్ళలో కాలు మోపే చోట పెట్టింది. వెనక వస్తున్న వాళ్ళు కూడా తలొకటి పెట్టారు.

ఇప్పటికీ అక్కడ ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ఆ ఇంటివాళ్ళు గెడ్డలో ఒక రాయి వేస్తారు. ఊరైనా సరే, పేటైనా సరే. వానాకాలం కొన్ని కొట్టుకుపోతాయి, మళ్ళీ బిడ్డలు పుడతారు. పుట్టిన పిల్లని పడుకోబెట్టడానికి ఎవరూ కొత్త చేట కొనరు. పేటలో చివరింటికి వెళ్ళి వాళ్ళ చేట అడిగి తెచ్చుకుంటారు.

మొన్నామధ్య కొత్తగా ఒక నర్సమ్మ వచ్చింది. చుక్కల మందు పెట్టె భుజాన వేసుకుని పెద్దవీధి మొదటింటి తలుపు తట్టింది. ఆ ఇంటి ముసలావిడ తలుపు తీసింది. ఒళ్ళో మనవడున్నాడు. పెట్టె వంక చూసింది, నర్సమ్మ వంక చూసింది.

“మా వాడు ఎక్కడికీ పోడు తల్లీ” అంది. “గెడ్డ దాటి చివరింటి నుంచి మొదలుపెట్టుకుని రా. దాలమ్మ దారి అదే.”

కథ కంచికి వెళ్తే వెళ్ళనీండి. మనం మాత్రం ముందు చివరింటికి.