పొలం దేవుడై వచ్చిన నక్క

జపాన్ దేశంలో, సముద్రం వైపు ఒరిగిన కొండల నడుమ, ససమోరి అనే చిన్న పల్లె ఉండేది. చలికాలం వస్తే మంచు ఇళ్ల చూరు దాకా పేరుకుపోయేది. పల్లెలో మనుషులు ఎలా బతికేవారో, పల్లె వెనక వాలులో జంతువులూ అలాగే బతికేవి. మడి దున్నుకునేవి, ఊడ్చుకునేవి, కోసుకునేవి. మనుషులను చూసి చూసి వాళ్ల పండుగలు కూడా నేర్చేసుకున్నాయి.

చలి విరిగే రోజున వేయించిన సోయా గింజలు గుమ్మంలో చల్లి, దయ్యాలను బయటికి పొమ్మని, అదృష్టాన్ని లోపలికి రమ్మని కేకలు వేసేవి. వేసవిలో కాగడాలు పట్టుకుని, డప్పు కొడుతూ పైరు పురుగులను పొలిమేర దాటించేవి. వరి పండే రోజుల్లో పున్నమి చంద్రుడికి తెల్లటి పిండి ఉండలు నైవేద్యం పెట్టేవి.

నక్క తోమెకిచి ఏ పండుగకూ ఆలస్యంగా వచ్చేవాడు కాదు. ఏ పనికీ వేళకు వచ్చేవాడు కాదు. చల్లిన గింజలు నేల తాకకముందే వాడి నోట్లో పడేవి. చంద్రుడి ముందు పెట్టిన ఉండలు చంద్రుడు మబ్బు చాటుకు వెళ్లొచ్చేలోగా మాయమయ్యేవి.

కోతలయ్యాక వచ్చే పండుగ ఒక్కటే వాడికి అందేది కాదు. అది పొలం దేవుడిని ఇంటికి పిలిచే పండుగ. ఏడాది పొడుగునా మడిలో నిలబడి పైరు కాసిన దేవుడిని, ఆ ఏటి వంతు వచ్చిన ఇంటి యజమాని స్వయంగా వెళ్లి తీసుకొస్తాడు. దేవుడు ఎవరికీ కనబడడు. అయినా యజమాని ఆయన కనబడుతున్నట్టే చెయ్యి పట్టి నడిపిస్తాడు, వేడినీళ్లు పోస్తాడు, విస్తారంగా వడ్డిస్తాడు. ఆ విందుకు తలో చెయ్యి వేసినవాళ్లకే పిలుపు. తోమెకిచి ఎన్నడూ చెయ్యి వేసి ఎరగడు కాబట్టి వాడికి పిలుపూ లేదు. ఒకసారి కిటికీ సందులోంచి తొంగి చూశాడు. ఖాళీ పీట ముందు వరసగా గిన్నెలు పెట్టి, ఇంటాయన గాలితో మాట్లాడుతున్నాడు. అంత తిండి అలా ఎవరూ ముట్టకుండా ఆవిర్లు కక్కుతుంటే చూడలేక, కడుపు మండి వెళ్లిపోయాడు.

ఆ ఏడు వంతు ఎద్దు గెంజోది. గెంజో మాట నెమ్మది, నడక నెమ్మది, కోపం ఇంకా నెమ్మది. భార్య ఒసెన్ మాత్రం అన్నిట్లోనూ చురుకు. సరిగ్గా కోతల వేళ వాన పట్టుకోవడంతో ఆరేసిన వెన్నులు దండేల మీదే మొలకెత్తాయి. ఎవరింట్లోనూ గింజలు నిండుగా లేవు. మంచు పడకముందు అందరూ కడుపారా తినేది ఈ విందులోనే. అందుకని కుందేలు దంపతులు లావుపాటి ముల్లంగి తెచ్చారు. నీటికుక్క చేపలు పట్టుకొచ్చింది. ఊరి ఆచారాలన్నీ నోటికి వచ్చిన ముసలి కోడి ఒతోయో, దాచుకున్న ఎర్ర చిక్కుడు గింజలన్నీ ఊడ్చి ఇచ్చేసింది.

గెంజో నక్క గుహ దగ్గరికీ వెళ్లాడు.

"అల్లుడూ, నువ్వు కాసిని కట్టెలు తెచ్చిపెడితే చాలు. మాతోపాటు కూర్చుని తిందువుగాని."

"నడుం పట్టేసింది మామా. వంగితే లేవలేను, లేస్తే వంగలేను."

"అయ్యో. సరే, పడుకో," అని గెంజో వెళ్లిపోయాడు.

తోమెకిచి పడుకున్నాడు. కానీ పండుగ నాటి మధ్యాహ్నం ఒసెన్ వంటింట్లోంచి టోఫు, అంటే సోయా పాల జున్ను, వేయిస్తున్న వాసన వాలంతా పాకింది. వేయించిన టోఫు అంటే ఆ దేశపు నక్కలు ప్రాణం పెడతాయి. తోమెకిచి లేచి కూర్చున్నాడు. నడుం నొప్పి గుర్తే లేదు.

"ఎవరూ చూడని దేవుడు ఎలా ఉంటాడో ఎవరికి తెలుసు?" అనుకున్నాడు. "గడ్డి కోటు తొడుక్కుని, గడ్డి టోపీ పెట్టుకుని నేనే ఆ దేవుడినంటే కాదనేవాడెవడు? పీట నాది, గిన్నెలన్నీ నావి."

పొద్దు వాలుతుండగా గెంజో పండుగ బట్టలు కట్టుకుని మడి గట్టు మీదికి వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని తల నేలకు ఆనించాడు.

"స్వామీ, ఏడాదంతా ఎండలో, బురదలో నిలబడ్డారు. పంట తక్కువైనా మీరు తక్కువ చేసింది ఏమీ లేదు. మా ఇంటికి దయచేయండి."

పక్కనున్న గడ్డివాము కదిలింది. గడ్డి టోపీ ముఖం మీదికి లాక్కున్న ఆకారం ఒకటి లేచి నిలబడి, "వచ్చాను," అంది బొంగురు గొంతుతో.

గెంజో తల ఎత్తాడు. టోపీ చూశాడు, కోటు చూశాడు. కోటు కింద నుంచి బయటికి వేలాడుతున్న ఎర్రటి గుబురు తోకనూ చూశాడు. కాసేపు నెమరు వేశాడు.

"గాలికి ఏదో మాట వినిపించినట్టయింది," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. "మా పొలం దేవుడు పెదవి విప్పడు కదా. పాపం ఆయనకు కళ్లూ కనబడవు. వరి వెన్ను గుచ్చుకుని చూపు పోయిందని మా తాత చెప్పేవాడు."

తోమెకిచి చప్పున నోరు మూసుకున్నాడు. కళ్లు కూడా మూసుకున్నాడు.

గెంజో వాడి చెయ్యి పట్టుకుని భక్తిగా నడిపించాడు. దారిలో రాయి ఉందని చెప్పాడు, తోమెకిచి తట్టుకున్నాక. కాలువ ఉందని చెప్పాడు, కాలు పడ్డాక. ద్వారబంధం కురచ అని చెప్పేసరికి నుదురు అప్పటికే తగిలింది.

వంటింట్లోంచి వచ్చిన ఒసెన్ ముందు తోక చూసింది. మూలనున్న చీపురు అందుకుంది. గెంజో ఆమెను పక్కకు పిలిచాడు.

"స్వామి వచ్చారు."

"తోకేసుకునా?"

"ఏటా ఎలా చేస్తామో అలాగే చేద్దాం. ఆచారంలో ఒక్కటీ తగ్గొద్దు."

ఒసెన్ భర్త ముఖంలోకి చూసింది. చీపురు మూలన పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొదట స్నానం. పెద్ద చెక్క తొట్టిలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. తోమెకిచిని అందులో కూర్చోబెట్టి, గెంజో బయట పొయ్యి దగ్గర చేరాడు.

"వేడి సరిపోయిందా స్వామీ?"

లోపల తోమెకిచి పెదవి కొరుక్కున్నాడు. దేవుడు మాట్లాడడు మరి.

"పలకడం లేదు," అన్నాడు గెంజో. "ఏడాదంతా చలిలో ఉన్నారు కదా. ఈ వేడి ఒంటికి తెలిసి ఉండదు." పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ సమాధానం లేదు. ఇంకో కట్టె తోశాడు.

తొట్టిలోంచి బయటికి తీసేసరికి స్వామి ముక్కు ఎర్రగా ఉడికిన దుంపలా ఉంది. అయినా టోఫు వాసన వస్తోంది. తోమెకిచి అన్నీ దిగమింగాడు.

తర్వాత విందు. ఒతోయో, కుందేళ్లు, నీటికుక్క అప్పటికే గోడ వార వరసగా కూర్చున్నారు. అందరూ తోక చూశారు. ఒసెన్ కళ్లతో ఏం సైగ చేసిందో గానీ ఎవరూ నోరెత్తలేదు. కళ్లు మూసుకున్న తోమెకిచికి ఒక సంగతి తెలియనే లేదు. గదిలో పెద్దపీట మరోటి, ఖాళీగా, తూర్పు గోడ కింద ఉంది. గెంజో మొదటి పళ్లెం అక్కడ పెట్టి, నిజమైన స్వామికి మనస్ఫూర్తిగా మొక్కాడు. "ఈ అల్లరి మన్నించండి," అని గొణిగాడు. ఆ తర్వాతే ఇటు వచ్చి తోమెకిచి ఎదుట ఇంకో పళ్లెం పెట్టాడు.

"స్వామికి కళ్లు కనబడవు కాబట్టి ఏమేం వండామో విన్నవిస్తాను. ఇది ఎర్ర చిక్కుడు గింజలతో వండిన అన్నం. మెతుకు మెతుకుకీ రంగు పట్టింది. ఇది కాల్చిన చేప, చర్మం చిటపటలాడుతోంది. ఇది పులుసులో మెత్తగా ఉడికిన ముల్లంగి. ఇది నూనెలో పొంగేలా వేయించిన టోఫు. పైన కరకర, లోపల వెన్న."

తోమెకిచి గొంతులో గుటక పడింది. మెల్లగా చెయ్యి చాపాడు. చేతికి ఏమీ తగల్లేదు. పళ్లెం అప్పటికే కాస్త పక్కకు జరిగింది.

"స్వామి ఆరగింపు అయింది," అన్నాడు గెంజో.

ఒతోయో గొంతు సవరించుకుని, ఎవరో అడిగినట్టుగా వివరించింది. "దేవుడు ఆవిరి మాత్రమే పుచ్చుకుంటాడు నాయనా. అన్నం మనకు వదిలేస్తాడు. అందుకే కదా ఆయన దేవుడు."

పళ్లేలు వరస వెంట వెళ్లిపోయాయి. తోమెకిచి కళ్లు మూసుకుని కూర్చుని, ముల్లంగి చప్పరిస్తున్న చప్పుడు విన్నాడు. చేప ముళ్లు తీస్తున్న చప్పుడు విన్నాడు. టోఫు పటుక్కున కొరికిన చప్పుడు విన్నప్పుడు మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు కారాయి.

"స్వామికి ఆనందబాష్పాలు," అంది ఒసెన్, ఇంకో ముక్క వడ్డిస్తూ.

భోజనాలయ్యాక పారిపోవచ్చునని ఆశ పడ్డాడు తోమెకిచి. కానీ ఆచారం ఇంకా అయిపోలేదు. పొలం దేవుడు మంచు కరిగేదాకా ఇంట్లోనే, విత్తనాల బస్తాల మీద విశ్రాంతి తీసుకోవాలి. గెంజో వాడిని అమాంతం ఎత్తుకుని విత్తనాల కొట్లో పడుకోబెట్టి, బయట గడ్డి తాడుతో తలుపు కట్టేశాడు. బస్తాల్లో విత్తనాలకు బూడిద, మిరప పొడి కలిపి ఉంచారు. వాటిని నమిలే నక్క లోకంలో లేదు.

తెల్లవారేసరికి మంచు మొదలైంది. ఇరుగుపొరుగు గిన్నెలు సర్దడానికి వచ్చేసరికి కొట్లోంచి నీరసమైన గొంతు వినిపించింది.

"మామా, తలుపు తీయి. నేను దేవుడిని కాదు. తోమెకిచిని."

"విన్నారా?" అన్నాడు గెంజో. "స్వామి మన భక్తిని పరీక్షిస్తున్నారు. అచ్చం మన అల్లుడి గొంతే. పాపం వాడు నడుం పట్టేసి ఇంట్లో పడి ఉన్నాడు."

"నడుం బాగానే ఉంది మామా. అబద్ధం చెప్పాను."

"తోమెకిచే అయితే రుజువు చూపించమనండి," అంది ఒతోయో. "వాడికి తప్ప ఇంకెవరికీ తెలియనిది ఏదైనా చెప్పమనండి."

గొంతు తగ్గించి మాట్లాడింది తలుపు.

"పున్నమి నాడు ఉండలు తిన్నది నేనే."

"అది చంద్రుడికీ తెలుసు. ఇంకా?"

"కుందేలు బావ చూరుకు కట్టి ఎండబెట్టిన పండ్ల దండ కాకి ఎత్తుకుపోలేదు. నేనే కోశాను."

కుందేలు చెవులు నిక్కాయి. "ఆ కాకితో మేం మాటలు మానేశాం కదే," అన్నాడు భార్యతో.

"నీటికుక్క వల చిరగలేదు. నేను విప్పాను. ఒతోయో పెద్దమ్మ గుమ్మం ముందు చల్లిన గింజల కింద అదృష్టం ఉందని తవ్వింది కూడా నేనే."

"మా గడప అందుకేనా ఊడిందీ," అంది ఒతోయో. ముక్కుతో తలుపు మీద టకటక కొట్టి, "ఇవన్నీ దేవుడికి తెలియకుండా ఉంటాయా? ఇది రుజువే కాదు," అంది.

లోపల తోమెకిచి బస్తా మీద కూలబడ్డాడు. దాచుకున్నవన్నీ బయటపెట్టాడు. అయినా దేవుడు దేవుడిగానే మిగిలాడు.

"ఎవరనుకుంటే వాళ్లే అనుకోండి," అన్నాడు చివరికి. "తలుపు తీయండి. ఏ పని చెప్పినా చేస్తాను."

బయట అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గెంజో తాడు విప్పాడు.

"ఇక సందేహం లేదు," అన్నాడు. "పని చేస్తానన్నారు. ఆ మాట మా తోమెకిచి నోట ఏ జన్మలోనూ రాదు. తప్పకుండా స్వామే."

ఒసెన్ ముందు ఒక గిన్నెడు వేడి గంజి ఇచ్చింది. మొహం ఎత్తకుండా తాగేశాడు. తర్వాత కుందేలు చేతులు జోడించి మంచు తోసే చెక్క పార అందించాడు.

ఆ శీతాకాలం ససమోరి వాలులో ఏ ఇంటి కప్పూ మంచు బరువుకు కుంగలేదు. తెల్లవారగానే తోమెకిచి ఒక్కొక్క ఇంటి కప్పెక్కి మంచు కిందికి తోసేవాడు. కిందనుంచి పిల్లలూ పెద్దలూ "స్వామికి శ్రమ" అంటూ వంగి దండాలు పెట్టేవారు. దిగిన చోట అన్నం పెట్టేవారు. పండ్ల దండకు బదులుగా కుందేలు ఇంటికి ఇంకాస్త ఎక్కువ తోయాల్సి వచ్చేది. నీటికుక్క వల అల్లడం నేర్పించి మరీ అల్లించింది. పారిపోవాలని ఒకసారి అడవి దాకా వెళ్లాడు కానీ, అక్కడ మంచు తప్ప తినడానికి ఏమీ కనబడక తిరిగొచ్చాడు.

మంచు కరిగాక దేవుడిని మళ్లీ పొలానికి సాగనంపే రోజు వచ్చింది. గెంజో పండుగ బట్టలు కట్టుకున్నాడు. ఒసెన్ దారి పొడుగునా డప్పు కొట్టింది. మడి గట్టు దగ్గర గెంజో తోమెకిచికి వంగి నమస్కరించి, చేతిలో పలుగు పెట్టాడు.

"స్వామీ, మొదటి మట్టిపెళ్ల మీరే తిరగెయ్యాలి."

"ఒక్కటేనా?" అన్నాడు తోమెకిచి ఆశగా.

గెంజో కాసేపు నెమరు వేసి, మడి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"మొదటిది మీరు వేస్తే, రెండోది వేరే చేత్తో వేయడం అపచారం స్వామీ," అన్నాడు.

తోమెకిచి టోపీ సర్దుకుని మడిలోకి దిగాడు. గట్టు మీద ఊరంతా చేతులు జోడించుకుని నీడలో కూర్చుంది.

దేవుడి వేషం వేసుకుని వచ్చినవాడికి దక్కేది దేవుడి భోజనమే.