చెయ్యి తగలని స్నానం

కొండల నడుమ ఒకానొక రాజ్యంలో ఉద్దండభూపతి అనే రాజు ఉండేవాడు. ఆయన స్నానం చేస్తే ఊరంతటికీ తెలియాల్సిందే. నగారా మోగేది, సన్నాయి ఊదేవారు, వట్టివేళ్ళూ పచ్చకర్పూరమూ కలిపిన నీళ్ళు బిందెలకొద్దీ తల మీద గుమ్మరించేవారు. పోసేవాళ్ళు కూడా ఎత్తున మెట్టు మీద నిలబడి పోయాలి. ఆయన ఒంటి మీద ఎవరి చెయ్యీ పడకూడదు. ఆఖరికి ఆయన చెయ్యి కూడా పడేది కాదు. గుళ్ళో విగ్రహంలా పీట మీద కూర్చుని, నీళ్ళు కారిపోయాక లేచి, పట్టుబట్ట కట్టుకుని కొలువుకు వచ్చేవాడు.

ఈ భూమ్మీద తన అంత శుభ్రమైన మనిషి లేడని రోజూ చెప్పుకునేవాడు. ఆస్థాన పండితుడు తలాడించి, పారే నీరే పావనమనీ, ఒళ్ళు రుద్దుకోవడం పామరుల పని అనీ శ్లోకాలతో సహా బలపరిచేవాడు. కొలువులో ముందు వరుసవాళ్ళు మాత్రం జలుబు చేసిందని వంక పెట్టి పైపంచ ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. ఒక మంగలి ఉండబట్టలేక, ప్రభువుల మెడ మీద మట్టి పేరుకుందని నోరు జారాడు. ఆ సాయంత్రానికే వాణ్ణి పొలిమేర దాటించారు.

ఆ కొలువులో నవ్వించే ఉద్యోగం మాచిరాజుది. రాణి వీరమాంబ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివారు అరణంగా ఆమె వెంట పంపిన మనిషి. చిన్నప్పుడు ఆమెను భుజం మీద ఎక్కించుకుని తిప్పినవాడు. ఆ తల్లి కిందటి దీపావళి వెళ్ళీ వెళ్ళగానే విషజ్వరంతో పోయింది. అప్పటి నుంచి రాజు నవ్వలేదు, ఎవరినీ ముట్టుకోలేదు. ఈ నగారాల స్నానం కూడా అప్పుడు మొదలైందే. నవ్వించే ఉద్యోగం చేసేవాడికి నవ్వని రాజు దొరికితే ఆ బతుకెలా ఉంటుందో వేరే చెప్పాలా? నిజానికి మాచిరాజుకు కూడా నవ్వు రావడం మానేసింది. దుఃఖం దిగమింగుకునే వేళాకోళాలు ఆడేవాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అంతఃపురం దాది అతని దగ్గరకు వచ్చి కళ్ళు ఒత్తుకుంది. రాకుమారి చిన్నాంబిక ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వడం లేదట. దూరం నుంచి నీళ్ళు పోయించుకుని లేచిపోతోందట. బతిమాలి, బెదిరించి, దాదికి తల ప్రాణం తోకకు వచ్చింది.

మాచిరాజు వెళ్ళి చూశాడు. పట్టుమని ఐదేళ్ళు లేని పిల్ల. మెడ మడతల్లో, చంకల కింద చర్మం ఒరుసుకుపోయి పుళ్ళు పడ్డాయి. జుట్టు అట్టలు కట్టింది. చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుని కూర్చుంది.

"దాదిని ఎందుకు రుద్దనివ్వవు తల్లీ?" అని అడిగాడు.

"ఎవరూ ముట్టుకోకపోతే నేను కూడా నాన్నగారంత శుభ్రంగా ఉంటాను మామయ్యా. అప్పుడు నన్ను దగ్గరకు రానిస్తారు."

ఆ పిల్ల తల్లిని మోసిన భుజం ఇది, పిల్లకు ఏమీ చెయ్యలేకపోతోందే అని మాచిరాజు కుమిలిపోయాడు. ఉన్నమాట చెబితే మంగలికి పట్టిన గతే పడుతుంది. తను పొలిమేర దాటితే ఇక ఆ పిల్లను పట్టించుకునే దిక్కుండదు. ఆలోచించి ఆలోచించి, సాయంత్రం కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రభువుల ఒంటిని తాకే అర్హత లేని చేతులు ప్రభువులు భోంచేసే వెండి గిన్నెను మాత్రం చింతపండు పెట్టి తోమేస్తున్నాయనీ, ఇది మహాపచారమనీ, ఇక మీదట గిన్నెకు కూడా రాజస్నానమే జరిపించాలనీ మనవి చేసుకున్నాడు. రాజుకు ఆ మాట తెగ నచ్చింది. పండితుడు అందుకు కూడా ఒక శ్లోకం వెతికాడు.

ఆ రాత్రి రాజు అదే గిన్నెలో మీగడ వేసుకుని ఉలవచారు తిన్నాడు. మర్నాడు పొద్దున్న ఆయన పక్కనే చిన్న పీట వేసి గిన్నెను కూర్చోబెట్టారు. నగారా మోగింది. ఆయన తల మీద ఎన్ని బిందెలు పోశారో గిన్నె మీద అన్ని బిందెలూ పోశారు. పండితుడు గొంతు చించుకుని మంత్రాలు చదివాడు.

మధ్యాహ్నం బంతిలో ఆ గిన్నెలోనే వేడన్నం వడ్డించారు. ఆవిరి తగలగానే పులిసిన కంపు గుప్పుమంది. అంచున ఉలవచారు చారలు కట్టి ఉంది. రాజు ముట్టుకోబోతే వేళ్ళకు జిడ్డు అంటింది.

"దీన్ని కడగలేదా?"

"కడిగారు ప్రభూ. తమ పక్కనే కూర్చుని స్నానం చేసింది. అవే నీళ్ళు, అవే మంత్రాలు" అన్నాడు మాచిరాజు.

అందరూ పండితుడి వైపు చూశారు. ఆయన తన విస్తరి సర్దుకోసాగాడు.

"ఈ గిన్నెలో నన్ను తినమంటావా?"

"వద్దు ప్రభూ. నీళ్ళు పోసినంత మాత్రాన జిడ్డు పోదు. చెయ్యి పెట్టి తోమితేనే పోతుంది. ఒక్కపూట వాడిన గిన్నె సంగతే ఇలా ఉంది. తమ మోచేతి మీద తమ గోటితోనే ఒక్కసారి గీసి చూసుకోండి."

రాజు గీసుకున్నాడు. చేతి మీద తెల్లటి గీత పడింది, గోటి సందున నల్లటి మట్టి చేరింది. మాచిరాజు తన తల మీద ఆశ వదిలేసుకున్నాడు. రాజు చెయ్యి ఊపి అందరినీ పంపేశాడు, అతన్ని మాత్రం ఉండమన్నాడు.

"నాకు తెలియదనుకున్నావా, మాచా?" అన్నాడు నెమ్మదిగా. "దీపావళి నాడు ఆమె నా వీపుకు నలుగు పెట్టింది. దాని మీద ఇంకో చెయ్యి పడితే ఆమె చెయ్యి చెరిగిపోతుందనిపించింది. పండితుడు శ్లోకం చెప్పాడు, నేను దాన్ని పట్టుకుని వేలాడాను."

మాచిరాజుకు ఉన్న కోపమంతా పోయింది. అయినా ఆగలేదు.

"ఆ చెయ్యి ఏనాడో పోయింది ప్రభూ. తమరు దాచుకున్నది మట్టిని. ఆమె చేతుల పోలికే ఉన్న చేతులు రెండు అంతఃపురంలో ఉన్నాయి. ఆ పిల్లకు ఒళ్ళంతా పుళ్ళు."

పిల్ల అన్న మాట పొల్లు పోకుండా చెప్పాడు. విన్నాక రాజు మెడలోని హారం తీసి అతని చేతిలో పెట్టి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. ఆ పిల్లకు తమ చేత్తో ఒక్క స్నానం చేయించమన్నాడు మాచిరాజు.

ఆ సాయంత్రం నగారా మోగలేదు. కాగులో నీళ్ళు కాచారు. రాజుకు సున్నిపిండి కలపడం కూడా రాదు. ఇంకాస్త నీళ్ళు పొయ్యాలని దాది గుమ్మంలోంచి చెప్పాల్సి వచ్చింది. పిల్ల వెనక్కి వెనక్కి జరిగి, తనను ముట్టుకుంటే నాన్నగారు మైలపడతారంది.

"పడనీ తల్లీ" అన్నాడు రాజు.

పుళ్ళ చుట్టూ తడిబట్టతో మెల్లగా అద్దుతూ, మిగతా ఒళ్ళంతా పిండితో రుద్దాడు. మంటపుట్టి పిల్ల ఏడ్చింది. అయినా లేచిపోలేదు. స్నానమయ్యాక, నాన్నగారి వీపు నల్లగా ఉందని, తిరగమంది.

మాచిరాజు తలుపు బయట కూర్చుని వింటున్నాడు. పిల్ల చెయ్యి పక్కటెముకల దగ్గర తగిలినట్టుంది, రాజు నవ్వాడు. కితకితలకు ఆగలేక, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వే నవ్వు. రాణి ఉన్న రోజుల్లో పండగ పూట తెల్లవారుజామున ఈ గదిలోంచే వినిపించే నవ్వు. వెంటనే వీరమాంబ పిండి చేతులతో బయటకు వచ్చి, "విన్నావా మాచన్నా, మీ రాజుగారు చిన్నపిల్లాడైపోయారు" అనేది.

మాచిరాజు అలవాటుకొద్దీ తలుపు వైపు తిరిగాడు. ఎవరూ రాలేదు. లోపల రాజు నవ్వుతూనే ఉన్నాడు. ఇన్నాళ్ళూ ఆ నవ్వు కోసమే కాచుకున్న మనిషి, హారం ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.